దవడ కింద గడ్డకు పేరు పెట్టేముందు

పెంపుడు కుక్క దవడ కింద గడ్డ కనిపిస్తే ఇంట్లో రెండు మాటలు వినిపిస్తాయి. ‘బిళ్ళ కట్టింది, నాలుగు రోజుల్లో అదే పోతుంది’ అనేది ఒకటి. ‘క్యాన్సరై ఉంటుంది, ఇక చేసేదేం లేదు’ అనేది రెండోది. రెండూ కంటితో చూసి, చేత్తో తడిమి చెప్పే మాటలే. లాలాజల గ్రంథుల కణితుల మీద ఇప్పటిదాకా పోగైన ఆధారాలు చూస్తే, ఈ రెండింటిలో ఏదీ తడిమి చెప్పదగ్గది కాదని తేలుతుంది. గడ్డలోంచి సూదితో తీసిన కణాలో, కోసి తీసిన ముక్కో మైక్రోస్కోపు కిందికి వెళ్ళేవరకూ ఆ గడ్డకు పేరు లేదనే అనుకోవాలి.

ఈ వ్యాసం దృష్టిలో ఉంచుకున్నది దిగువ కృష్ణా డెల్టాని: కృష్ణ ఒడ్డున, ఘంటసాల మండలంలో, ఆంధ్ర మహావిష్ణువు కొలువున్న శ్రీకాకుళం (ఉత్తరాంధ్రలోని జిల్లా కేంద్రం కాదు), అక్కడి నుంచి ఒకవైపు అవనిగడ్డ, నాగాయలంక దాకా దివిసీమ, ఇంకోవైపు మచిలీపట్నం, గుడివాడ. ఇక్కడి పశువుల ఆసుపత్రుల్లో రోజువారీ పని ఎక్కువగా గేదెలదీ దూడలదీ. కుక్క వస్తే టీకాకో, గజ్జికో, గాయానికో వస్తుంది. గడ్డ లోతుపాతులు తేల్చడానికి కావలసిన పాథాలజీ విభాగం, ఎక్స్‌రే, ఆపరేషన్ థియేటరు ఒకేచోట కావాలంటే దగ్గరలో ఉన్నది 1998లో మొదలైన గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాల. 2005 నుంచి అది తిరుపతి కేంద్రంగా ఉన్న శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కిందకు వస్తుంది. ఊళ్ళో చేయగలిగింది ఎంత, గన్నవరం పంపాల్సింది ఎప్పుడు అన్న ప్రశ్న అందుకే ముఖ్యం.

ముందు గ్రంథులు ఎక్కడున్నాయో చూడాలి. కుక్కకు పెద్ద లాలాజల గ్రంథులు నాలుగు జతలు. చెవి మొదట్లో, చెవిని చుట్టుకున్నట్టు ఉండేది ఒకటి. దవడ ఎముక వెనక మూలన, మెడ మొదలయ్యేచోట గుండ్రంగా చేతికి తగిలేది రెండోది. దాన్ని అంటుకుని, అదే పొరలోంచి మొదలై నాలుక కిందకు సాగేది మూడోది. కంటిగుంత కింద, చెంప ఎముక వెనక దాగి ఉండేది నాలుగోది. ఇవి కాక పెదవుల్లో, నాలుకలో, అంగిలిలో చిన్నచిన్న గ్రంథులు చాలా ఉంటాయి. కణితి వీటిలో దేనికైనా రావచ్చు. ఎక్కువగా వచ్చేది దవడ మూలన ఉన్న గ్రంథికీ, చెవి మొదట్లో ఉన్న గ్రంథికీ.

తికమక అంతా దవడ మూలనే. అక్కడ లాలాజల గ్రంథికి కాస్త ముందుగా, కాస్త కిందగా లింఫు గ్రంథులు రెండు మూడు ఉంటాయి. మన వాళ్ళు బిళ్ళలు అనేది వీటినే. ఆరోగ్యంగా ఉన్న కుక్కలో కూడా చేతికి సులువుగా దొరికేది తరచుగా లాలాజల గ్రంథే. అది పెద్దది, గట్టిది, ఒక్కటిగా ఉంటుంది. బిళ్ళలు చిన్నవి, వేళ్ళ మధ్య జారతాయి. చదువుకున్న చేతులు సైతం ఒకదాన్ని ఇంకొకటి అనుకోవడం పశువైద్యంలో అరుదు కాదు. బిళ్ళ అనుకుని సూది గుచ్చితే లాలాజల కణాలు రావడం పరీక్ష గదుల్లో అందరికీ తెలిసిన సంగతి.

1991లో స్పాంగ్లర్, కల్బర్ట్‌సన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు అచ్చువేసిన అధ్యయనాన్ని ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. 1985 నుంచి 1988 వరకూ తమ ప్రయోగశాలకు వచ్చిన కుక్కల, పిల్లుల లాలాజల గ్రంథి ముక్కలు 245ని వాళ్ళు మళ్ళీ పరిశీలించారు. అందులో సుమారు 30 శాతం క్యాన్సర్లు. నాలుగో వంతుకు కాస్త మించి గ్రంథి వాపులు. దాదాపు ఐదో వంతు ముక్కల్లో ఏ జబ్బూ కనిపించలేదు, అవి మామూలు గ్రంథులు. లాలాజలం కారి గూడుకట్టిన తిత్తులు పదో వంతు కూడా లేవు. గ్రంథికి రక్తం అందక కొంత భాగం చచ్చిపోయినవి అంతకంటే కాస్త తక్కువ.

ఈ అంకెలు చూసి, దవడ కింద గడ్డ వస్తే మూడింట ఒకటి క్యాన్సరని అనుకుంటే పొరపాటు. ఇవి ఊళ్ళో గడ్డ వచ్చిన కుక్కల లెక్కలు కావు, ప్రయోగశాలకు ముక్క పంపిన కుక్కల లెక్కలు. లాలాజలపు తిత్తి అయితే డాక్టరు సూది గుచ్చగానే జిగురు నీరు వస్తుంది, జబ్బు తెలిసిపోతుంది, చాలామంది ముక్క పంపరు. అందుకే ఆ రికార్డుల్లో తిత్తులు తక్కువగానూ క్యాన్సర్లు ఎక్కువగానూ కనిపిస్తాయి. ఆసుపత్రి గదిలో దాదాపు దానికి తిరగబడిన పరిస్థితి ఉంటుంది. ఏ జబ్బూ లేని ఆ ఐదో వంతు ముక్కలు ఇంకో సంగతి సూచిస్తున్నాయి. వాటిలో కొన్ని, బిళ్ళ పెరిగిందనో కణితి అనో అనుకుని కోసినవి కావచ్చు. ఇది నా ఊహ. కానీ కణపరీక్ష లేకుండా కత్తి పట్టకూడదనడానికి ఈ ఊహకు మించిన కారణాలు కూడా ఉన్నాయి, అవి కింద వస్తాయి.

ఇంకో అంకె తరచూ వినపడుతుంది. లాలాజల గ్రంథి కణితులు కుక్కల్లోనూ పిల్లుల్లోనూ 0.17 శాతం అని. దీనికి మూలం 1988లో అమెరికాలో అచ్చయిన ఒక సర్వే. పాత రికార్డులు, అప్పటిదాకా వచ్చిన వ్యాసాలు కలిపి చూసినది. అదీ పాథాలజీ విభాగానికి చేరిన జంతువుల్లో తేలిన వాటా. దివిసీమలో వెయ్యి కుక్కలుంటే వాటిలో ఎన్నింటికి వస్తుందో అది చెప్పదు. రెండు అధ్యయనాలూ కలిసి చెప్పేది ఇంతే: ఈ కణితి అరుదైనది. అయితే లాలాజల గ్రంథి అని తేలిన గట్టి గడ్డ, పెద్ద వయసు కుక్కలో, ఒకవైపే పెరుగుతూ ఉంటే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కుక్కల్లో ఈ గ్రంథులకు వచ్చే కణితుల్లో ఎక్కువ భాగం ప్రమాదకరమైనవే, నిరపాయమైనవి తక్కువ. సాధారణంగా పదేళ్ళు దాటిన కుక్కల్లో కనిపిస్తాయి. కొన్ని అధ్యయనాల్లో పూడిల్, స్పానియల్ జాతులు ఎక్కువగా కనిపించాయి. మన పల్లెల్లో ఆ జాతులు తక్కువ. నాటు కుక్కలకు, ఇళ్ళలో పెరిగే పొమేరియన్లకు ఆ లెక్కల్ని నేరుగా అన్వయించలేం.

ఇక డెల్టాకు వద్దాం. ఇక్కడ దవడ, నోటి సమస్యతో వచ్చిన కుక్కను చూసే డాక్టరు మనసులో ముందుగా రావలసింది కణితి కాదు, రేబీస్. గడ్డ లేకుండా చొంగ కారుతూ, కింది దవడ వేలాడుతూ, మింగలేకపోతున్న కుక్కను చూసి ‘గొంతులో ఎముక ఇరుక్కుందేమో’ అని నోట్లో చెయ్యి పెట్టేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. రేబీస్ వైరస్ నరాల గుండా లాలాజల గ్రంథుల్లోకి చేరుతుంది. లక్షణాలు బయటపడే ముందు కొన్ని రోజుల నుంచే చొంగలో ఉండవచ్చు. ప్రపంచంలో ఏటా రేబీస్‌తో చనిపోతున్న మనుషుల్లో సుమారు మూడో వంతు మన దేశంలోనేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. లాలాజల గ్రంథి కణితి సాధారణంగా చొంగ కార్పించదు. నొప్పిలేని గట్టి గడ్డగా, నెమ్మదిగా వస్తుంది. కాబట్టి గడ్డ లేని చొంగకు, టీకా వివరం తెలియని కుక్కకు, నోరు తెరిచి చూసే పరీక్షే వద్దు. చొంగ గాయానికి తగిలితే పదిహేను నిమిషాలు సబ్బుతో, పారే నీటితో కడిగి అదే రోజు మనుషుల ఆసుపత్రికి వెళ్ళాలి. టీకా వేయించిన పెంపుడు కుక్కల విషయంలోనైనా నోరు తడిమేటప్పుడు గ్లవుజులు ఉండాలి.

రెండోది పిడుదులు. వేడి, తేమ ఉండే తీరప్రాంతంలో గోధుమ రంగు పిడుదు ఏడాది పొడుగునా బతుకుతుంది. అది అంటించే ఎర్లిషియా జబ్బులో ఒంట్లో బిళ్ళలన్నీ పెరగవచ్చు, దవడ కిందివే ముందు చేతికి తగులుతాయి. జ్వరం, నీరసం, తెల్లబడిన చిగుళ్ళు, ముక్కు నుంచి రక్తం లాంటివి తోడైతే రక్తపరీక్ష తప్పనిసరి. ఇందులో ఒక చిక్కుంది. పిడుదుల జబ్బు బాగా వ్యాపించిన చోట, రక్తంలో దాని ప్రతిరక్షకాలు కనిపించడం అంటే కుక్క ఎప్పుడో ఒకప్పుడు దాన్ని ఎదుర్కొందని మాత్రమే. ఈ గడ్డకు అదే కారణమని కాదు. పరీక్ష పాజిటివ్ వచ్చిందని ఇరవై ఎనిమిది రోజుల డాక్సీసైక్లిన్ రాసి, గడ్డ సంగతి మర్చిపోవడం నాకు ఆందోళన కలిగించే అలవాటు. మందు పడ్డాక రెండు వారాల్లో మిగతా బిళ్ళలు తగ్గి ఒక్క దవడ మూల గడ్డ మాత్రం అలాగే ఉంటే, అది వేరే గడ్డ. రెండు జబ్బులూ ఒకే కుక్కలో ఉండకూడదని నియమం లేదు. ఎర్లిషియా ఉన్న కుక్కలో రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. కోసి ముక్క తీసేముందు వాటిని లెక్కించకపోతే గడ్డ కంటే రక్తస్రావం ముందు ప్రాణం తీయవచ్చు.

మూడోది లాలాజలపు తిత్తి. గ్రంథి నుంచో, గొట్టం నుంచో లాలాజలం చర్మం కిందకు కారి గూడుకడుతుంది. మెత్తగా, నొప్పి లేకుండా, దవడ కింద వేలాడినట్టు ఉంటుంది. నాలుక కింద ఒకవైపు ఉబ్బి తినడానికి అడ్డం రావచ్చు. గొంతులోపల వస్తే ఊపిరి ఆడదు, అది అత్యవసరం. సూది పెడితే తీగలు సాగే జిగురు, తేనె రంగులోనో కాస్త రక్తం కలిసో వస్తుంది. దాన్ని పాస్ అనే రంగుతో పరీక్షిస్తే జిగురు పదార్థం బయటపడుతుంది. ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు, నీరు తీసి పంపడం, మళ్ళీ నిండితే మళ్ళీ తీయడం. తిత్తిని ఖాళీ చేస్తే కారే గ్రంథి ఆగదు. ఆ వైపు దవడ గ్రంథినీ, దానికి అంటుకున్న నాలుక కింది గ్రంథినీ కలిపి తీసేస్తేనే నిలకడైన నయం. పైగా పదే పదే సూదులు గుచ్చితే చీము పడుతుంది, తర్వాత ఆపరేషన్ కష్టమవుతుంది. అలా తీసిన గ్రంథిని బకెట్లో పారెయ్యడం ఇంకో తప్పు. తిత్తి వెనక కణితి దాగి ఉండటం అరుదే గానీ, అది తేలేది ఆ గ్రంథిని ముక్కలు కోసి చూసినప్పుడే.

నాలుగోది చాలామంది వినని సంగతి. పేడపురుగుల ద్వారా కుక్కలకు పట్టే స్పైరోసెర్కా అనే పురుగు ఆహారనాళం గోడలో గడ్డలు కడుతుంది. పేడపురుగుల్ని తిన్న కోళ్ళు, బల్లులు, ఎలుకల ద్వారా కూడా కుక్కకు చేరుతుంది. ఆరుబయట తిరుగుతూ కోళ్ళ పేగులు తినే కుక్కలున్న పల్లెల్లో ఇది గుర్తుంచుకోవలసిన పురుగు. దక్షిణాఫ్రికా నుంచి 1998లో వచ్చిన ఒక పరిశీలన, గ్రంథి కుళ్ళిపోయిన 19 కుక్కల్ని చూసి, ఆహారనాళపు ఈ పురుగుకూ దవడ గ్రంథుల వాపుకూ ఉన్న సంబంధాన్ని ఎత్తిచూపింది. అలాంటి కుక్క గుటకలు వేస్తుంది, డోకులు పడుతుంది, కక్కుతుంది. గ్రంథులు రెండు వైపులా వాచి, ముట్టుకుంటే అరుస్తుంది. కణితి సాధారణంగా అలా నొప్పి పెట్టదు. పందొమ్మిది కుక్కల పరిశీలనతో గట్టి తీర్పు ఇవ్వలేం. కానీ నొప్పి, వాంతి, రెండు గ్రంథుల వాపు కలిసి వస్తే ఛాతీ ఎక్స్‌రేలో ఆహారనాళం వైపు చూడటానికి, మల పరీక్షలో ఆ పురుగు గుడ్ల కోసం వెతకడానికి ఇది చాలినంత కారణం.

వీటి తర్వాత మిగిలేది గట్టి గడ్డ. దాన్ని చూడటానికి ముందు సూది పరీక్ష. ఇందులో ఖరీదైన సామాను లేదు: సన్న సూది, సిరంజి, నాలుగు గాజు స్లైడులు, రంగు. కుక్కను మత్తులో పెట్టనవసరం కూడా ఉండదు. సూదిని రెండు మూడు దిశల్లో కదిపి, తీసి, స్లైడు మీద ఊది, గాలికి ఆరబెట్టాలి. వర్షాకాలంలో ఫ్యాను కింద వెంటనే ఆరబెట్టకపోతే తేమకు కణాలు ఉబ్బి ఆనవాలు పోతుంది. స్లైడులు పెట్టిన సంచీలో, కోసిన ముక్క ఉన్న ఫార్మలిన్ సీసా పెట్టకూడదు. దాని ఆవిరి తగిలితే స్లైడుకు రంగు సరిగ్గా పట్టదు. రెండు వేర్వేరు సంచుల్లో పంపాలి.

మామూలు లాలాజల గ్రంథిలోంచి నురగలాంటి బుడగలు నిండిన ఒకేరకం కణాలు గుంపులుగా వస్తాయి. జిగురు ఉండటం వల్ల ఎర్ర రక్తకణాలు నాటు వేసిన వరి వరుసల్లా బారులు తీరి కనిపిస్తాయి. బిళ్ళ అనుకుని గుచ్చిన చోట ఈ బారులు కనపడితే, సూది బిళ్ళలో కాక లాలాజల గ్రంథిలో దిగిందని తెలుసుకుంటారు. అప్పుడు గడ్డ పెరిగినదా, లేక మామూలు గ్రంథినే గడ్డ అనుకున్నారా అన్నది అటూ ఇటూ రెండు వైపులా పోల్చి చూడాలి. చిన్నవైన గుండ్రటి లింఫు కణాలు నిండుగా వస్తే అది బిళ్ళ. పెద్ద పెద్ద లింఫు కణాలే అంతటా ఉంటే లింఫోమా (లింఫు కణాల క్యాన్సర్) అనుమానం. చీముకణాలు నిండుగా ఉంటే చీముగడ్డ. కణాల గుంపులు తలొక తీరుగా, కేంద్రకాలు చిన్నాపెద్దా అయి, ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటే కణితి అనుమానం బలపడుతుంది.

ఇక్కడ డెల్టా పాథాలజిస్టులు గుర్తుంచుకోవలసినది ఒకటుంది. వీధి కుక్కల్లో సంభోగం ద్వారా, నాకడం ద్వారా అంటుకునే టీవీటీ అనే కణితి మన దేశంలో చాలా ఎక్కువ. జననాంగాల మీదే కాక ముక్కులో, నోట్లో, పెదవి లోపల కూడా వస్తుంది. దాని కణాల్లోనూ చిన్న చిన్న బుడగలు కనిపిస్తాయి, కాకపోతే అవి విడివిడిగా, గుండ్రంగా ఉంటాయి. లాలాజల కణాలు గుంపులు కడతాయి. ఈ తేడా చూడకపోతే నష్టం పెద్దది. టీవీటీ చాలాసార్లు వారానికొకసారి ఇచ్చే వింక్రిస్టిన్ ఇంజక్షన్లతో నయమవుతుంది. లాలాజల గ్రంథి క్యాన్సర్‌కు ఆ మందుతో నయం లేదు, ఆపరేషన్ కావాలి.

సూది పరీక్షకు హద్దులున్నాయి. అది కణాల్ని చూపిస్తుంది, అమరికను చూపించదు. బాగా ముదరని అడినోకార్సినోమా (గ్రంథి కణాల క్యాన్సర్) కణాలు మామూలు గ్రంథి కణాల్లాగే కనిపించవచ్చు. కాబట్టి సూదిలో కణితి ఆనవాలు లేదన్నది కణితి లేదన్న సర్టిఫికేట్ కాదు. గడ్డ అలాగే ఉంటే, పెరుగుతుంటే, ముక్క తీసి పంపాలి. ముక్క ఒక సెంటీమీటరు మందానికి మించకుండా, పరిమాణానికి పదిరెట్లు పది శాతం ఫార్మలిన్‌లో వెయ్యాలి. నీళ్ళలో, ఉప్పు నీళ్ళలో, ఫ్రీజరులో పెడితే చూడడానికి ఏమీ మిగలదు. ముక్క తీయకముందు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టడం కూడా మానాలి. ఒకవేళ అది లింఫోమా అయితే మందుకు గడ్డ కుదించుకుపోయి, జబ్బు మటుకు మరుగునపడిపోతుంది.

ముక్కలో అడినోకార్సినోమా, ఏసినిక్ కణ క్యాన్సర్, జిగురు కణాలూ పొలుసు కణాలూ కలిసిన క్యాన్సర్, మిశ్రమ కణితులు ఇలా రకాలు తేలుతాయి. కొన్ని ముక్కలకు కణాల్లోని ప్రొటీన్లను ప్రతిరక్షకాలతో గుర్తించే రంగులు అవసరమవుతాయి, అది అన్ని ప్రయోగశాలల్లోనూ జరగదు. పేరు తేలాక చూడవలసింది వ్యాప్తి. దవడ కింది బిళ్ళలతోపాటు గొంతు వెనక ఉండే, చేతికి అందని బిళ్ళలను కూడా చూడాలంటే అల్ట్రాసౌండో సీటీ స్కానో కావాలి. ఛాతీకి మూడు కోణాల్లో ఎక్స్‌రే తీయాలి. కంటిగుంత కింది గ్రంథి కణితులైతే కన్ను బయటకు ఉబికి ఉంటుంది, నోరు తెరిస్తే నొప్పి పెడుతుంది. వాటికి సీటీ లేకుండా హద్దులు తెలియవు. చెవి గ్రంథి కణితుల్లో ముఖం నరం దెబ్బతిని పెదవి వాలిపోవచ్చు.

ఇంత శ్రమకు ఫలితం ఉందా అని అడిగితే, ఉన్న ఆధారం చిన్నది కానీ పనికిరానిది కాదు. 2001లో హామర్, సహచరులు 24 కుక్కల, 30 పిల్లుల రికార్డులు కలిపి అచ్చువేశారు. కుక్కల్లో సగం 550 రోజులకు పైగా బతికాయి. జబ్బు తేలిన రోజున బిళ్ళలకో ఊపిరితిత్తులకో పాకిందా లేదా అన్నదే కుక్క ఆయుష్షును ముందే చెప్పగలిగిన అంశం. బిళ్ళలకు పాకిన కుక్కలు ఆరింట ఒకటి, దూరానికి పాకినవి పన్నెండింట ఒకటి. ఈ లెక్కలో చికిత్సలు ఒక్కతీరుగా లేవు, కొన్నింటికి ఆపరేషన్, కొన్నింటికి రేడియేషన్ కూడా తోడు. 24 అంటే ఒక కుక్క ఇటూ అటూ అయినా శాతం కదిలిపోతుంది. ఇది వాగ్దానంగా కాక, దిశగా చదవాలి. ఆ దిశ మాత్రం స్పష్టం: పాకకముందు పట్టుకుంటే బతికే కాలం ఉంది. ‘ఇక చేసేదేం లేదు’ అన్న మాటకు ఈ అధ్యయనం ఆధారం ఇవ్వదు. ‘అదే పోతుంది’ అన్న మాటకూ ఇవ్వదు.

కృష్ణా జిల్లాలోని పశువైద్యులకు ఒక విన్నపం. నెల దాటి తగ్గని ప్రతి గట్టి గడ్డకు సూది పెట్టండి. కోసి తీసిన ప్రతి గ్రంథినీ, చూడ్డానికి తిత్తిలా ఉన్నా సరే, ఫార్మలిన్‌లో వేసి గన్నవరం లాంటి పాథాలజీ విభాగానికి పంపండి. కుక్క వయసు, జాతి, ఏ వైపు, ఎన్ని నెలలుగా, పిడుదుల పరీక్ష ఫలితం ఒక్క చీటీ మీద రాసి జతచెయ్యండి. మన డెల్టా కుక్కల లెక్కలు అమెరికా రికార్డుల్లో దొరకవు, ఇలా పంపిన ముక్కల్లోనే తయారవుతాయి. కుక్కను తెచ్చిన రైతులూ, గృహిణులూ, పిల్లలూ ఆ నివేదిక కాగితం అడిగి తీసుకుని భద్రంగా ఉంచుకోండి. గడ్డ మళ్ళీ వస్తే కొత్త డాక్టరుకు ముందుగా చూపించాల్సింది అదే.